జీతం పెంచినా మనసు కుదుటపడలేదెందుకు?

ప్రశ్న: పెద్ద కంపెనీలో టీమ్ లీడ్‌ని. నిరుడు ఉద్యోగుల అభిప్రాయ సర్వేలో మా టీమంతా జీతాలు చాలడం లేదని రాశారు. యాజమాన్యం మంచి ఇంక్రిమెంటే ఇచ్చింది. ఆ వెంటనే పక్క విభాగంలో కొందరిని తీసేశారు. ఇప్పుడు మావాళ్లు చెప్పిన పని చేసి ఊరుకుంటున్నారు. "ఎంతిచ్చినా వీళ్ల ధోరణి మారదు" అంటారు మా మేనేజర్. టీమ్‌వాళ్లేమో "మా ఉద్యోగాలు ఉంటాయా మేడం?" అని అడుగుతున్నారు. ఏం చెప్పను?

జవాబు: మీ మేనేజర్ మాట నేను ఒప్పుకోను. హెచ్‌ఆర్‌లో చాలా ఏళ్లు పనిచేసి, అలాంటి సర్వే కాగితాలు కట్టలకొద్దీ చదివినదాన్ని. "జీతం చాలదు" అని రాయడానికి ఎవరూ జంకరు. "రేపు నన్ను తీసేస్తారేమో" అని రాయడానికే చెయ్యి ఆగిపోతుంది. పేరు రాయక్కర్లేదంటారు సరే, ఎనిమిది మంది ఉన్న టీమ్‌లో వయసు, సర్వీసు, విభాగం నింపాక ఆ కాగితం ఎవరిదో తెలియకుండా ఉంటుందా? అందుకే ఉద్యోగ భద్రత ప్రశ్న దగ్గర మధ్య గడిలో టిక్కు పెట్టి దాటేస్తారు. ఆ మధ్య గడి టిక్కుల్ని నేనెప్పుడూ సంతృప్తి కింద లెక్కేయలేదు.

అమెరికాలో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను ఇంటర్వ్యూ చేసి 1959లో ఒక సిద్ధాంతం చెప్పారు. జీతం, ఉద్యోగ భద్రత లాంటివి బాగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది, బాగుచేస్తే అది తగ్గుతుంది, అంతమాత్రాన పని మీద ఉత్సాహం మాత్రం రాదు అని. దాన్ని తర్వాత చాలామంది తప్పుపట్టారు కానీ మీ టీమ్ విషయంలో నాకది సరిగ్గా సరిపోతున్నట్టే ఉంది. మీ కంపెనీ ఒక గొయ్యి పూడ్చిన చేత్తోనే పక్కన ఇంకోటి తవ్వింది.

డబ్బుకు విలువ లేదనడం లేదు. 1914 జనవరిలో హెన్రీ ఫోర్డ్ తన కార్ల ఫ్యాక్టరీలో రోజు కూలిని దాదాపు రెట్టింపు చేసి 5 డాలర్లన్నాడు, పనిగంటలు 9 నుంచి 8కి తగ్గించాడు. అంతకుముందు ఏడాది సుమారు 14,000 మంది పనిలో ఉండాలంటే 50 వేలకు పైగా చేర్చుకోవాల్సి వచ్చేది, అంతగా మానేసేవాళ్లు. కూలి పెరిగాక అలా మానేయడం బాగా తగ్గింది. అయితే ఆ డబ్బుతోపాటే, కార్మికుల ఇళ్లకెళ్లి వాళ్ల అలవాట్లు ఆరా తీసే శాఖ కూడా వచ్చింది. మీవాళ్లకు ఇంక్రిమెంట్‌తోపాటు వచ్చినవి పక్క విభాగంలో ఖాళీ కుర్చీలు.

ఇంకో విషయం కూడా చూడండి. కొత్తగా చేరినవాళ్ల జీతం, వాళ్లకు పని నేర్పే సీనియర్ల జీతం కంటే ఎక్కువుందా? ఒకసారి ఒక సీనియర్ నా టేబుల్ ముందు నిలబడి, పే స్లిప్‌ని మడతపెడుతూ విప్పుతూ, "పెంచమని అడగడానికి రాలేదండీ, ఇదేం లెక్కో చెప్పమని అడగడానికి వచ్చాను" అన్నారు. ఆయనకు చెప్పడానికి కంపెనీ దగ్గర లెక్కేమీ లేదు.

ఇక మీ ప్రశ్న. "ఎవరినీ తీసేయరు, భయపడకండి" అని మాత్రం అనకండి. అది మీ చేతుల్లో లేదు. ముందు మేనేజర్‌ని అడగండి: పక్క విభాగంలో తీసేసింది ప్రాజెక్టు ఆగిపోయినందుకా, రేటింగ్ చూసా? మన టీమ్ బడ్జెట్ ఎప్పుడు తేలుతుంది? ఆయన ఏం చెబితే అది అదే రోజు అందరినీ కూర్చోబెట్టి చెప్పండి. చెప్పలేనంటే, "అడిగాను, చెప్పలేనన్నారు, ఫలానా రోజు మళ్లీ అడుగుతాను" అనండి, ఆ రోజు అడగండి కూడా. ఒక్కొక్కరిని విడిగా పిలిచారో, పిలవనివాళ్లకు రాత్రి నిద్ర ఉండదు. ఎవరైనా బయట ఉద్యోగం వెతుక్కుంటున్నారని తెలిస్తే, ద్రోహిలా చూడకండి.

వెళ్లిపోయినవాళ్ల పని ఇప్పుడు మీ టీమ్‌లో ఎవరెవరి నెత్తిన పడిందో ఒక కాగితం మీద పేర్లతో సహా రాయండి. ధోరణి గురించి మళ్లీ మాట్లాడే ముందు మీ మేనేజర్ ఆ కాగితం చదవాలి.