చాగోస్ దీవుల దగ్గర 4.7 భూకంపం వచ్చిందట, సూర్యలంక వెళ్లొచ్చా?

మీ ప్రశ్న చదివాను. గుంటూరు నుంచి పిల్లలతో కార్తీక పౌర్ణమి స్నానానికి సూర్యలంక వెళ్దామనుకుంటుంటే, రాత్రి ఫోన్‌లో "చాగోస్ దీవుల ప్రాంతం, తీవ్రత 4.7, లోతు 10 కి.మీ." అని వచ్చిందన్నారు. చాగోస్ అంటే హిందూ మహాసముద్రం నడిమధ్య ఉన్న దీవులు. సునామీ భయం ఉందా అని అడిగారు. లేదండి. ఆ భూకంపం వల్ల మన తీరానికి ఏమీ కాదు, వెళ్లిరండి.

మీ టెన్షన్ నాకు బాగా తెలుసు. మా మేనత్తది బందరు. 2004 డిసెంబర్ 26 ఆదివారం, ఆ రోజూ పౌర్ణమే, మంగినపూడిలో స్నానానికి దిగింది. మోకాళ్ల దాకా ఉన్న నీళ్లు చూస్తుండగానే మెడ దాకా వచ్చేశాయట. ఎవరో జబ్బ పట్టుకుని గట్టుకు లాగారు. చేతిలో ఉన్న ఇత్తడి చెంబు పోయింది. ఇంటికొచ్చాక చీర కుచ్చిళ్లు విప్పితే దోసెడు ఇసుక రాలింది. ఆ రోజు ఆంధ్రా తీరంలో వంద మందికి పైగా పోయారు. ఆ తర్వాత చాలా ఏళ్లు సముద్రంలో భూకంపం అన్న మాట వినపడితే చాలు, నేను బందరుకు ఫోన్ చేసేవాణ్ణి.

ఆ సునామీకి కారణమైన సుమత్రా భూకంపం తీవ్రత 9.1. తీవ్రత ఒక్క అంకె పెరిగితే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన 4.7 కంటే అది సుమారు నలభై లక్షల రెట్లు పెద్దది. 4 నుంచి 4.9 దాకా ఉన్నవాటిని తేలికపాటివి అంటారు. అలాంటివి ప్రపంచంలో ఏటా పది వేలకు పైగా వస్తాయి.

మిమ్మల్ని ఎక్కువ భయపెట్టింది "లోతు 10 కి.మీ." అనుకుంటా. 70 కి.మీ. లోపు ఏదైనా తక్కువ లోతు కిందే లెక్క. పైగా నడి సముద్రంలో దగ్గర్లో పరికరాలు ఉండవు కాబట్టి లోతు సరిగ్గా తేలదు. అలాంటప్పుడు చాలాసార్లు 10 అనే వేసేస్తారు. చాగోస్‌కు పడమరగా సముద్రం అడుగున ఒక పర్వతశ్రేణి ఉంది. అక్కడ భూమి పలకలు మెల్లగా విడిపోతుంటాయి కాబట్టి ఇలాంటి చిన్న కుదుపులు మామూలే.

2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర 5.3 వచ్చింది, గుర్తుందా? గుంటూరు బ్రాడీపేటలో మా మూడో అంతస్తు వంటింట్లో స్టీలు డబ్బాల మూతలు గలగలమన్నాయి, అంతే. అది ఇక్కడికి 240 కి.మీ. దూరం. చాగోస్ రెండున్నర వేల కి.మీ. పైమాటే.

తీవ్రత ఎక్కువైనంత మాత్రాన కూడా పెద్ద సునామీ వచ్చి తీరాలని లేదు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా పక్కన ఏకంగా 8.6 వచ్చింది. మేనత్త వాళ్లు రెండు సంచులు సర్దుకుని గుంటూరు బస్సెక్కేశారు. కానీ అప్పుడు సముద్రగర్భం పక్కకు జరిగింది, పైకి పెద్దగా లేవలేదు. నీటిని ఎత్తి తోసే కదలిక లేదు కాబట్టి చిన్న అలలతో సరిపోయింది.

2004లో మనకు ముందుగా చెప్పేవాళ్లు లేరు. 2007 నుంచి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) సునామీ హెచ్చరిక కేంద్రం రాత్రీపగలూ పనిచేస్తోంది. హిందూ మహాసముద్రంలో 6.5, ఆ పైన వచ్చినవాటికి నిమిషాల్లోనే బులెటిన్ ఇస్తారు. ఫోన్‌లో ప్రతి నోటిఫికేషన్‌కూ ఉలిక్కిపడకుండా వాళ్ల ప్రకటన చూడండి. ఒక్కటి మాత్రం పిల్లలకు ఇప్పుడే చెప్పి ఉంచండి: తీరంలో ఉండగా నేల గట్టిగా, చాలాసేపు ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయి ఇసుక బయటపడినా, గవ్వలు ఏరడానికి పోకూడదు. ఎవరి కోసమూ ఆగకుండా ఊరి వైపు పరిగెత్తాలి.

ఇక సూర్యలంకలో నిజంగా జాగ్రత్త పడాల్సింది రోజూ ఉండే అలల లాగుడుకే. పౌర్ణమికి పోటు కూడా ఎక్కువ. గజ ఈతగాళ్లు ఉన్న చోటే దిగండి, చిన్నవాళ్ల చెయ్యి వదలకండి, మోకాళ్ల లోతు దాటకండి.