మ్యూనిక్ దగ్గర గ్రావెల్ బైక్‌కి ఏ లోయ బాగుంటుంది? నా ఓటు ఈజార్‌కే, అదీ పైనుంచి కిందికి

మీరడిగింది ఇది: మ్యూనిక్‌కి కొత్తగా వచ్చారు, గ్రావెల్ బైక్, అంటే కంకర దారుల మీద పోయే లావు టైర్ల సైకిల్, కొన్నారు. ఆల్ప్స్ కింద నది వెంట ఒక రోజంతా తొక్కాలంటే ఇన్ లోయ మేలా, ఈజార్ లోయ మేలా, ఇంటి దగ్గర్నుంచే బయల్దేరిపోవచ్చా అని.

ఈజార్‌కే పోండి. కాకపోతే ఇంటి దగ్గర్నుంచి వద్దు. సైకిల్ రైల్లో పెట్టుకుని ఆస్ట్రియా సరిహద్దు దాటగానే వచ్చే షార్నిట్స్‌లో దిగండి. ముందు నది పుట్టిన చోటు దాకా వెళ్లి, తర్వాత నీళ్లతో పాటే కిందికి, మ్యూనిక్ రైలు దొరికే లెంగ్రీస్ వరకు రండి. మొత్తం 80 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. నేను ఇక్కడికొచ్చాక అన్నిటికంటే ఎక్కువగా తొక్కిన దారి ఇదే.

ఇన్ లోయ చెడ్డదేం కాదు. కానీ ఆస్ట్రియాలోని టిరోల్‌లో ఇన్ నది పక్కన సైకిల్ దారి చాలావరకు తారు రోడ్డే. లోయ వెడల్పు, పక్కనే మోటార్‌వే, రైలు పట్టాలు. పిల్లలతోనో లగేజీతోనో పోయేవాళ్లకి హాయి. మీరు లావు టైర్ల బండి కొన్నది అందుకు కాదనుకుంటా.

ఇక మ్యూనిక్ నుంచే ఎందుకు వద్దంటున్నానంటే, ఊరి నుంచి బాడ్ టోల్జ్ దాకా 50 కిలోమీటర్ల పైచిలుకు. అడవి దారులు, షెఫ్ట్‌లార్న్ మఠం, ఆ తర్వాత పుప్లింగ్ దగ్గర నది పాయలు, అన్నీ బాగుంటాయి. అయితే అసలు కొండలు మొదలయ్యేది ఆ తర్వాతే. అక్కడికి చేరేసరికి కాళ్లలో సత్తువ, చేతిలో టైము రెండూ అయిపోతాయి. ఆ ముక్కని శనివారం సాయంత్రాలకి ఉంచుకోండి.

షార్నిట్స్‌కి రైల్లో దాదాపు రెండు గంటలు, గార్మిష్, మిట్టెన్‌వాల్డ్ మీదుగా. కొన్ని రైళ్లు మిట్టెన్‌వాల్డ్‌లోనే ఆగిపోతాయి, చూసుకుని ఎక్కండి. ఆగిపోయినా కంగారు లేదు, అక్కణ్ణుంచి ఆరేడు కిలోమీటర్లే. డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ లోకల్ రైళ్ల నెలవారీ పాస్) ఉన్నా సైకిల్‌కి వేరే టికెట్ కొనాలి, అది మర్చిపోకండి. రెసిడెన్స్ కార్డు జేబులో ఉండాలి. సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన షెంగెన్ దేశాల లోపలే కదా అనుకుంటాం గానీ తిరుగు దారిలో జర్మనీ పోలీసులు అడగొచ్చు.

షార్నిట్స్ 964 మీటర్ల ఎత్తులో ఉంది. ఊరు దాటగానే హింటెరౌటాల్ లోయలోకి కంకర రోడ్డు మొదలవుతుంది. ఇది అడవి పనులకి వేసిన రోడ్డు, అనుమతి ఉన్న బండ్లు తప్ప కార్లు రావు. మొదట్లో కాస్త ఎక్కుడు ఉంటుంది, అక్కడ గేరు దించి నిదానంగా పోండి. పైకొచ్చాక లోయ తెరుచుకుంటుంది. ఒక పక్క నది, రెండు పక్కలా 2,500 మీటర్లు దాటిన సున్నపురాయి గోడలు. కార్వెండెల్ కొండల్లో అన్నిటికంటే ఎత్తైన బిర్క్‌కార్ శిఖరం, 2,749 మీటర్లు, ఈ లోయకి ఉత్తరం గట్టునే ఉంటుంది.

ఈ రోడ్డు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కంకర అని రాసిపెట్టిన ప్రతిదీ ఒకటి కాదు. ఇక్కడ టైర్లు నడిచే రెండు గాళ్లలో నలిగిన సన్న రాయి గట్టిగా కూర్చుని ఉంటుంది, మధ్యలో గడ్డి మొలిచిన దిబ్బ. గాడిలో ఉన్నంతసేపు 40 మిల్లీమీటర్ల టైరు చక్కగా పోతుంది. వాన పెద్దగా పడి రోడ్డు కోసుకుపోయిన చోట మాత్రం కొత్త రాయి పోస్తారు. అది ఇంకా నలగదు, పిడికెడంత ముక్కలు, అంచులు పదును. అక్కడ ముందు చక్రం బ్రేకు పట్టకూడదు, హ్యాండిల్ వదులుగా పట్టుకుని బండి పోయే వైపుకి పోనివ్వాలి. ఇంకోటి, రోడ్డుకి అడ్డంగా వాన నీళ్లు పోవడానికి కాలవలు ఉంటాయి, కొన్ని చెక్కవి, కొన్ని ఇనుపవి. ఎక్కేటప్పుడు వాటిని పట్టించుకోం. దిగేటప్పుడు ఏటవాలుగా దాటితే ముందు చక్రం అందులో ఇరుక్కుని మనిషి ఎగిరి పడతాడు. ఎప్పుడూ కాలవకి సూటిగా అడ్డంగానే దాటండి, ఆ క్షణం సీటు మీంచి కాస్త లేవండి.

షార్నిట్స్ నుంచి సుమారు 12 కిలోమీటర్లు పోయాక, 1,160 మీటర్ల ఎత్తు దగ్గర ఈజార్ పుట్టిన చోటు అని బోర్డు కనిపిస్తుంది. జలపాతమేదో ఉంటుందని ఊహించుకోకండి. పొదల కింద, నాచు పట్టిన రాళ్ల సందుల్లోంచి ఒక్కచోట కాదు, అక్కడక్కడా నీళ్లు ఊరుతుంటాయి. అడుగున ప్రతి రాయీ లెక్కపెట్టగలిగినంత తేట. చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. నిజానికి పైనుంచి వచ్చే లాఫాట్షర్ వాగు ఇంకా దూరం నుంచి వస్తుంది, కాబట్టి నది అసలు మొదలు అదేనని వాదించేవాళ్లూ ఉన్నారు. ఓపికుంటే ఇంకాస్త పైకి కాస్టెన్ ఆల్మ్ (ఆల్మ్ అంటే కొండ మీద పశువుల్ని మేపే చోటు) దాకా వెళ్లొచ్చు, వేసవిలో తిండి దొరుకుతుంది. అక్కణ్ణుంచి హాలెర్‌ఆంగెర్ గుడిసె దాకా ఎక్కుడు బాగా నిలువు. ఈ రోజుకి అవసరం లేదు, ముందు చాలా దారి ఉంది.

తిండి సంగతి శాకాహారులకి ముఖ్యం. కొండ గుడిసెల్లో కాస్‌ప్రెస్‌క్నోడెల్ సూప్ అని ఉంటుంది. లోపల ఉండలు రొట్టె, చీజ్‌తో చేసినవి. మెనూలో మాంసం మాట ఉండదు గానీ ఆ చారు మాత్రం మామూలుగా గొడ్డు మాంసం ఉడికించిన నీళ్లే. అడిగి తీసుకోండి, లేదా కెయ్‌జ్‌ష్పెట్స్‌లె, అంటే చీజ్ కలిపిన పొట్టి నూడుల్స్, తినండి. కార్డు తీసుకోని చోట్లు ఉన్నాయి కాబట్టి నోట్లు దగ్గర పెట్టుకోండి. నేనైతే డబ్బాలో పులిహోర పట్టుకెళ్తాను. ఎండలో గంటల తరబడి ఉన్నా పాడవదు, ఉప్పూ పులుపూ ఉంటుంది. తొక్కేవాళ్లకి దీన్ని మించింది ఏ దుకాణంలోనూ అమ్మరు!

తిరిగి షార్నిట్స్ వచ్చి మిట్టెన్‌వాల్డ్, క్రూన్, వాల్గౌ వైపు నది వెంట దిగండి. మిట్టెన్‌వాల్డ్ వయొలిన్లు చేసే ఊరు, 17వ శతాబ్దం నుంచీ అదే పని. ఇళ్ల గోడల మీద బొమ్మలు చూస్తూ మెల్లగా దాటండి. క్రూన్ దగ్గర ఆనకట్ట చూడండి. 1924 నుంచి ఇక్కడ నది నీళ్లని మళ్లించి వాల్కెన్ సరస్సులోకి పంపి కింద కరెంటు తీస్తున్నారు. దశాబ్దాల పాటు ఆనకట్ట కింద నది దాదాపు ఎండిపోయే ఉంది, 1990 నుంచి కొంత నీరు వదులుతున్నారు. ఆ మిగిలిన నీళ్లు పాయలు పాయలుగా పారే చోట, వాల్గౌ నుంచి ఫోర్డెర్‌రిస్ దాకా, నది పడక అంతా పిండి ఆరబోసినట్టు తెల్లటి గులకరాళ్లు. సున్నపురాయి కొండలు కాబట్టి ఆ తెలుపు. ఈ 15 కిలోమీటర్లు టోల్ రోడ్డు, సైకిళ్లకి ఉచితం. తారు రోడ్డే, గ్రావెల్ కాదని మూతి ముడుచుకోకండి. ఈ మొత్తం లోయలో నాకు అన్నిటికంటే నచ్చిన ముక్క ఇది.

ఫోర్డెర్‌రిస్ తర్వాత ఫాల్, ఆ తర్వాత సిల్వెన్‌ష్టైన్ జలాశయం. 1950లలో వరదలు ఆపడానికి కట్టారు, పాత ఫాల్ ఊరు నీళ్ల కింద ఉంది. అక్కడ కార్లూ మోటార్ సైకిళ్లూ ఎక్కువే, ఒకే వరసలో పోండి. లెంగ్రీస్ దాకా సైకిల్ గుర్తులు పట్టుకుని వచ్చేయొచ్చు. ఒక ఇబ్బంది మాత్రం దాచను. ఎండ కాసే రోజుల్లో మధ్యాహ్నం నుంచి గాలి లోయలో కిందనుంచి పైకి వీస్తుంది. అంటే చివరి గంటంతా మీకు ఎదురుగాలే. అయినా అలసిన కాళ్లతో కొండెక్కడం కంటే ఇదే నయం.

చాలామంది మీకు కార్వెండెల్ చుట్టు గురించి చెప్తారు: షార్నిట్స్ నుంచి కార్వెండెల్‌హౌస్ ఎక్కి, 1,803 మీటర్ల హోఖాల్మ్ కనుమ దాటి, చిన్న ఆహోర్న్‌బోడెన్ మీదుగా హింటెర్‌రిస్‌కి దిగడం. అద్భుతమైన దారి, కాదనను. కానీ కనుమ దాటాక దిగుడంతా వదులు రాళ్లు. సస్పెన్షన్ లేని బండి మీద చేతులు తిమ్మిరెక్కి బ్రేకు లివర్ నొక్కలేని స్థితి వస్తుంది. మొదటి సీజన్‌లో వద్దు. వెళ్లాలనిపిస్తే మౌంటెన్ బైక్ అద్దెకి తీసుకోండి.

చట్టం గురించి ఒక మాట. బవేరియాలో తగిన దారులన్నిటి మీదా సైకిల్ తొక్కొచ్చు, ఆస్ట్రియాలో అలా కాదు. అక్కడ అడవి రోడ్డు మీద నడవడానికి అందరికీ హక్కుంది, సైకిల్‌కి మాత్రం అనుమతించిన దారి అయ్యుండాలి. ఫోన్‌లో యాప్ గీత గీసింది కదా అని పక్క దారిలోకి దూరకండి, బోర్డు చూడండి. ఆవులుంటే దిగి నడవండి, ఆవుకీ దూడకీ మధ్యలోంచి అస్సలు పోవద్దు. గేటు ఎలా ఉంటే అలాగే వదిలిరండి.

జూన్ మధ్య నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా మంచి కాలం. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుములొస్తాయి, అందుకే మొదటి రైలు పట్టుకోమనేది. హింటెరౌటాల్‌లో సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి, మ్యాప్ ముందే దించుకోండి. ఆస్ట్రియా వైపు కొండల్లో ప్రమాదం జరిగితే 140, ఎక్కడైనా 112. జర్మన్ ఆల్పైన్ క్లబ్‌లో చేరితే సభ్యత్వంతో పాటు రెస్క్యూ బీమా వస్తుంది. హెలికాప్టర్ బిల్లు టెన్షన్ ఉండదు.

చివరగా, లెంగ్రీస్ చేరాక ఇంకో 10 కిలోమీటర్లు తొక్కి టోల్జ్‌లో ఎక్కుదామనే హుషారు ఆదివారం సాయంత్రం వద్దు. రైలు బయల్దేరేది లెంగ్రీస్ నుంచే, టోల్జ్‌కి వచ్చేసరికి సైకిళ్ల చోటు నిండిపోయి ఉంటుంది.