డాలస్ ఎన్ని కిలోమీటర్లని కాదు, ఎన్ని గంటలని అడుగు

చెల్లెమ్మా,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన లెక్క రాత్రంతా మనసులో తిరిగింది. "హైదరాబాద్ నుంచి డాలస్ 14,400 కిలోమీటర్లట, విమానం గంటకి 900 పోతుందట, పదహారు గంటల్లో బిడ్డ దగ్గరుంటాను" అన్నావు. ఆ దూరం నిజమే. మనవడి గ్లోబు మీద దారం పెట్టి చూశాను, ఉత్తర ధ్రువం పక్కనుంచే పోయింది. కానీ ఆ దారం వెంట మనల్ని నేరుగా తీసుకుపోయే విమానం లేదు.

నువ్వు దుబాయ్ మీదుగా వెళ్తావు. అక్కడికి సుమారు 2,550 కిలోమీటర్లు, దాదాపు నాలుగు గంటలు. అక్కడి నుంచి డాలస్ దాదాపు 12,900, పదహారు గంటల పైమాటే. చూడు, చుట్టు తిరిగినా దూరం పెరిగేది వెయ్యి కిలోమీటర్లే. సమయం తినేది మధ్యలో ఆగడం.

టికెట్ మీద అంకెలు చూసి మోసపోకు. ఎక్కడి టైమ్ అక్కడిదే వేస్తారు. ఉదయం 10 గంటలకి శంషాబాద్‌లో ఎక్కితే, అదే తేదీ రాత్రి 11:15కి డాలస్‌లో దిగుతావని ఉంటుంది. పదమూడు గంటలేగా అనిపిస్తుంది. వేసవిలో వాళ్లు మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. వేసవి తేడా కలిపితే ఇరవై నాలుగు గంటలకి పావుగంటే తక్కువ. సూర్యాపేటలో గడప దాటి శంషాబాద్ చేరడం, అక్కడ మూడు గంటల ముందు ఉండటం దీనికి అదనం.

దుబాయ్‌లో కనీసం మూడు గంటల వ్యవధి ఉన్న టికెట్టే తీసుకోమను. మేము మొదటిసారి వెళ్లినప్పుడు గంటా పది నిమిషాల వ్యవధి ఉన్నది తీసుకున్నాం. మొదటి విమానం నలభై నిమిషాలు ఆలస్యమైంది. మీ వదిన మోకాళ్ల నొప్పితో పరిగెత్తలేక ఏడ్చేసింది. రాత్రంతా కుర్చీల్లోనే గడిపాం. నీకు ఆ కష్టం వద్దు. వీల్‌చెయిర్ బుక్ చేసేటప్పుడే అడగమను, మొహమాటపడకు.

చేతి గడియారం మాత్రం డాలస్ వెళ్లేదాకా మన టైమ్‌లోనే ఉంచు, బీపీ మాత్ర దాని ప్రకారం వేసుకో. అక్కడికి వెళ్లాక ఏ వేళకి మార్చాలో ఇక్కడే డాక్టర్‌ని అడిగి చీటీ మీద రాయించుకో. మాత్రలు చేతి సంచిలోనే పెట్టు, పెద్ద పెట్టెలో వద్దు. గంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యి, లేకపోతే కాళ్లు వాచిపోతాయి.

దిగాక ఇమిగ్రేషన్ క్యూ, పెట్టెలు తీసుకోవడం ఉంటాయి. బయటికి రావడానికి గంట దాటొచ్చని అల్లుడికి ముందే చెప్పు, టెన్షన్ పడతాడు. తిరుగు ప్రయాణంలో గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి గంటో గంటన్నరో కలిసొస్తుంది. దాని సంగతి అప్పుడు చూద్దాం.

నువ్వు డాలస్‌లో దిగే రాత్రి వేళకి ఇక్కడ మర్నాడు పొద్దున్న పావు తక్కువ పది. ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చుంటాను.

ఆశీస్సులతో,
అన్నయ్య