చందమామ ఎందుకు కాదంటే

క్రిప్టిక్ క్రాస్‌వర్డ్‌లో, అంటే జవాబును నేరుగా అడక్కుండా మాటలతో ఆడి దాచిపెట్టే గళ్ళలో, ఆధారాలు ఎలా విప్పాలి, అసలు తెలుగులో అలాంటి గళ్ళు కుదురుతాయా అని మీరు అడిగారు. కుదురుతాయి. నన్నడిగితే ఇంగ్లిష్‌లో కంటే తెలుగులోనే బాగా కుదురుతాయి. ఎలా విప్పాలో చెప్పాలంటే మాత్రం ముందు మా మావయ్య గురించి చెప్పాలి.

ఆయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. మా ఇంటికొస్తే సంచిలోంచి బట్టల కంటే ముందు లెక్కల నోటుపుస్తకం బయటికొచ్చేది, ఆ చిన్నచిన్న గళ్ళున్నది. పత్రికల్లో వచ్చే గళ్ళు ఆయనకు చాలేవి కావు, సొంతంగా కూర్చేవారు. నేను ఇంటర్ పరీక్షలు రాసిన వేసవిలో నాకోసం ఒకటి గీసిచ్చారు. అందులో ఒక ఆధారం నాకిప్పటికీ కంఠతా వచ్చు:

మాసానికో సాకు, తేలేది ఆకాశంలో (4)

చూడగానే "చందమామ" అని రాసేశాను. చం, ద, మా, మ. సరిగ్గా నాలుగు గళ్ళు. ఆకాశంలో తేలుతుంది, నెలతో సంబంధం కూడా ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను.

మావయ్య నా పెన్సిల్ రాత చెరపలేదు. "చందమామ ఆకాశంలోనే ఉంటుంది, కాదనను. అందులో సాకేదిరా?" అన్నారు. అంతే, ఇక ఒక్క ముక్క చెప్పలేదు.

మధ్యాహ్నమంతా ఆ నాలుగు గళ్ళ ముందే కూర్చున్నాను. గాలిపటం కూడా నాలుగక్షరాలే, అదీ తేలుతుంది. దానికీ సాకు లేదు. సాయంత్రం మేడ మీద పోర్షన్‌లో వాళ్ళని అద్దె అడగడానికి వెళ్ళిన అమ్మ వట్టి చేతులతో దిగింది. "నెలకో వంక! పోయిన నెల బావమరిది పెళ్ళన్నాడు, ఈ నెల బండి రిపేరట" అని మెట్ల మీదే మొదలుపెట్టింది. నేను వింటూనే ఉన్నాను, ముందు ఏమీ తట్టలేదు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద పాలగిన్నె పెట్టిన చప్పుడు వినపడ్డాక, ఆ మాట మళ్ళీ చెవిలో మోగింది. నెల. వంక. నెలవంక!

పెన్సిల్ వెతుక్కునే ఓపిక లేక వేలితోనే ఆ గళ్ళ మీద రాశాను. మావయ్య మాత్రం "ఎందుకో చెప్పు" అన్నారు. మాసం అంటే నెల, సాకు అంటే వంక, పక్కపక్కన పెడితే ఆకాశంలో తేలేది వస్తుంది అని చెప్పాకే ఆ గడి పక్కన టిక్కు పెట్టారు.

నెలవంకలో వంక అంటే వంపు. సాకు అనే అర్థం అక్కడ లేనే లేదు. "నా వంక చూడు" అన్నప్పుడు వంక అంటే వైపు. అనంతపురం నుంచి వచ్చిన నా స్నేహితుడికైతే వంక అనగానే ముందు వాగు గుర్తొస్తుంది. ఇన్ని అర్థాల్లోంచి, ఆ మాటలో మనం ఊహించని దాన్ని ఏరి ముందు పెట్టడమే కూర్చేవాళ్ళ పనితనం.

మీ ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. మంచి ఆధారంలో రెండు దారులుంటాయి. ఒకటి నేరుగా అర్థం చెబుతుంది, అది దాదాపు ఎప్పుడూ వాక్యం మొదట్లోనో చివర్లోనో ఉంటుంది. రెండోది అక్షరాలతోనో ముక్కలతోనో ఆడుతుంది. రెండూ ఒకే మాట దగ్గర కలవాలి. చందమామకి ఒక దారే వెళ్ళింది, అందుకే అది కాదు. బ్రిటన్‌లో జిమెనీజ్ అనే మారుపేరుతో 'ది అబ్జర్వర్' పత్రికకు గళ్ళు కూర్చిన మక్‌నట్ 1966లో ఈ కళ మీద ఒక పుస్తకమే రాశాడు. ఆధారంలో అర్థం ఉండాలి, ఆట ఉండాలి, అవి తప్ప అదనంగా ఏదీ ఉండకూడదని ఆయన పట్టుదల. మావయ్య ఆ పుస్తకం చూసి ఉండరు. కానీ "సాకేదిరా?" అన్న ఒక్క మాటలో ఆ నియమమంతా ఉంది.

ఇక నా బాధ చెప్తాను. మన పత్రికల గళ్ళలో చాలావాటికి జవాబులు వేస్తారు, వివరణ వేయరు. వారమంతా తల పట్టుకున్నవాడికి "అడ్డం 7: ఫలానా" అని చూపిస్తే ఏం లాభం? ఎందుకో తెలియకపోతే వచ్చేవారం ఇంకో ఆధారం ఎలా విప్పుతాడు? అంతకంటే ఘోరం "తడబడింది", "చెదిరింది" అని రాసి, జవాబు అక్షరాల్నే గళ్ళలో కలగాపులగంగా నింపమనడం. అంటే గళ్ళలో పడేది అర్థంపర్థం లేని అక్షరాల కుప్ప. కూర్చేవారికి మాట అమరక, ఆ భారం మన మీద వేయడమే అది. గళ్ళు నింపే అలవాటు ఇంట్లో పిల్లలకు అంటకపోవడానికి సగం కారణం ఇదేనని నా గట్టి నమ్మకం.

ఒకసారి ఒక వారపత్రికలో "కలవరం తారుమారైతే పక్షుల పాట (4)" అని చూశాను. జవాబు కలరవం అని వేశారు. ఐడియా ఎంత బాగుందో! కానీ అక్షరాలు సరిపోవు. ఆధారంలో సున్న "రం" మీద ఉంది, జవాబులో "వం" మీదికి దూకింది. అదే "కలవరము" అని ఇచ్చి అయిదు గళ్ళు పెట్టి ఉంటే కలరవము తప్పు లేకుండా వచ్చేది. ఒక్క "ము" దగ్గర బద్ధకించి అంత అందమైన ఆధారాన్ని పాడుచేశారు. ఉత్తరం కూడా రాశాను, జవాబు రాలేదు.

తెలుగులో ఇలాంటి జాగ్రత్త ఎక్కువ కావాలి. ఇంగ్లిష్‌లో ఒక్కో గడిలో 26 అక్షరాల్లో ఒకటి పడుతుంది. మనకు గుణింతం, ఒత్తు అన్నీ కలిసి ఒకే గడిలో పడాలి, "స్త్రీ" అంతా ఒక్క గడే. అందుకే మనకు తారుమారు చేసేవి తక్కువగా, మాటను విరిచేవి ఎక్కువగా కుదురుతాయి. శ్లేష మనకు కొత్త కాదు. పింగళి సూరన రాఘవపాండవీయంలో కావ్యమంతా రామాయణం, భారతం రెండు కథలూ ఒకే పద్యాల్లో నడిపాడు. ఈ క్రాస్‌వర్డ్‌నే ఆరుద్ర గళ్ళ నుడికట్టు అన్నారు, శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అన్నారు. అంత పెద్ద కవులు చేపట్టిన ఆటను ఇవాళ "తల్లి (2)" అని అడిగి "అమ్మ" అని నింపించే స్థాయికి తెచ్చారంటే నాకు నిజంగా కడుపు మండుతుంది.

మావయ్య కూర్చినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది "మర తిరిగితే లక్ష్మి (2)". మ, ర తిరగేస్తే రమ. రైస్‌మిల్లు ఆడితే డబ్బొస్తుందన్న అర్థమూ అందులోనే ఉంది. ఒక్క అక్షరం వృథా లేదు. "ఎటునుంచి తరిగినా అదే కూర (3)" అని అడిగినప్పుడు మా అమ్మే టమాట అని చెప్పేసింది, వంటింట్లోంచి.

మొదలుపెట్టడానికి మీకొకటి ఇస్తున్నాను: కోతి తోక తెంపితే కురిసేది (2). జవాబు ఒక్కటే రాస్తే ఒప్పుకోను, ఎందుకో కూడా రాయండి.