కొత్త కార్డు కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆట ఆగి ఆగి నడుస్తోందని, కొత్త గ్రాఫిక్స్ కార్డు కావాలని మీ నాన్నగారిని అడిగావట. అక్క ఫోనులో చెప్పింది. డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక్క వారం నా మాట విను.

మొదట కంప్యూటర్ వెనక చూడు. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు పెట్టి ఉంటే, కార్డు ఉన్నా లేనట్టే. దాన్ని కార్డుకే తగిలించు. నీ మానిటర్ 144 హెర్ట్జ్‌ది కదా, అంటే సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చగలదు. విండోస్‌లో 60 దగ్గరే ఉండిపోయిందేమో కూడా చూడు.

తరువాత వేడి. టాస్క్ మేనేజర్ తెరిచి, అరగంట ఆడాక జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డులోని చిప్పు, ఉష్ణోగ్రత చూడు. ఎన్విడియా కార్డులు చాలావరకు 83 డిగ్రీల దగ్గరకు రాగానే వేగం తగ్గించుకుంటాయి. నువ్వుండేది పెదవాల్తేరులో. ఆ ఉప్పుగాలి తేమకు దుమ్ము పొడిగా ఉండదు, ముద్దకడుతుంది. మొన్న మీ వీధిలోనే ఒక కార్డు విప్పాను. అల్యూమినియం రేకుల మధ్య దుమ్ము కంబళి ముక్కలా పేరుకుపోయింది, స్క్రూల తలలు తుప్పుపట్టి స్క్రూడ్రైవర్‌కు పట్టు దొరకలేదు. శుభ్రం చేసి, చిప్పు వేడిని రేకులకు అందించే పేస్టు మార్చితే 86 డిగ్రీల నుంచి 71కి దిగింది. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకో, విపరీతంగా తిరిగితే బేరింగు దెబ్బతింటుంది.

డ్రైవర్, అంటే విండోస్ చేత కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్, సంగతి ఆ తరువాతే. కొత్త డ్రైవర్‌ను ముందే దింపుకుని, ఇంటర్నెట్ తీసేయి. లేకపోతే విండోస్ తనకు తోచిన డ్రైవర్‌ను మధ్యలో ఎక్కించేస్తుంది. విండోస్‌ను అత్యవసరమైనవాటితోనే నడిపే సేఫ్ మోడ్‌లో, డీడీయూ అనే డ్రైవర్లు తొలగించే ప్రోగ్రాముతో పాతది పూర్తిగా తొలగించి, కొత్తది వేయి. కొత్తదానితో ఆట ఇంకా మందగిస్తే, వెనకటిదే మళ్లీ పెట్టుకో. అందులో తప్పేమీ లేదు.

ఆట సెట్టింగులలో ముందు రే ట్రేసింగ్ (వెలుగు దారులను లెక్కగట్టి చూపే పద్ధతి), నీడలు తగ్గించు. కార్డు మెమరీ నిండిపోతుంటే టెక్స్‌చర్లు, అంటే వస్తువుల పైపూత బొమ్మల నాణ్యత, తగ్గించు. కార్డు వాడకం 60 శాతం దాటకుండానే ఆట తడబడుతుంటే లోపం బహుశా ప్రాసెసర్‌దో ర్యామ్‌దో, అప్పుడు కొత్త కార్డు కొన్నా ఫలితముండదు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే.

ఒక్కసారి ఒక్కటే మార్చు. మార్చిన ప్రతిసారీ ఆటలో అదే చోట ఆడి, సెకనుకు ఎన్ని ఫ్రేములు వచ్చాయో పుస్తకంలో రాసిపెట్టు. నాలుగు ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆదివారం గాజువాక నుంచి బ్లోయర్ తీసుకుని వస్తాను. ఈలోగా కంప్యూటర్‌ను ఆ సముద్రం వైపు కిటికీ దగ్గర నుంచి లోపలి గోడ పక్కకు జరుపు.

మీ మామయ్య