రోజూ నీళ్లు పోస్తున్నా ఆర్కిడ్ ఆకులు ఎందుకు వాడిపోతున్నాయి?

మీరు అడిగింది ఇది: మార్చిలో పూలతో ఉన్న ఫలనాప్సిస్ రకం ఆర్కిడ్ కొన్నారు. రెండు నెలలు కళకళలాడి పూలు రాలిపోయాయి. ఇప్పుడు ఆకులు మెత్తబడి, ముడతలు పడి, పక్కకి వాలిపోతున్నాయి. నీళ్లు చాలట్లేదేమోనని రోజూ పొద్దునా సాయంత్రం పోస్తున్నారు. అసలు హైదరాబాద్‌లో, అపార్ట్‌మెంట్లో ఆర్కిడ్లు బతుకుతాయా అని సందేహం.

బతుకుతాయండీ. కూకట్‌పల్లిలో మా రెండో అంతస్తు తూర్పు బాల్కనీలో పదకొండేళ్లుగా పెంచుతున్నాను. ఇప్పుడు ఇరవై మూడు మొక్కలున్నాయి. మీరు మాత్రం ఈ రోజుకి నీళ్లు ఆపేయండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ నా మొదటి మొక్కలో చూశాను. నేనూ దానికి దాహం వేస్తోందనుకుని పోస్తూనే ఉన్నాను. మూడో వారం ఆకు పట్టుకుని కొంచెం కదిపితే మొవ్వు మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. మా అమ్మ పుట్టినరోజుకి ఇచ్చిన డబ్బుతో కొన్న మొక్క అది. చాలా బాధపడ్డాను. మీ మొక్కకి ఇంకా అంత దూరం రాలేదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు మొక్కని కుండీలోంచి బయటికి తీయండి. టెన్షన్ పడకండి, తీస్తే చచ్చిపోయే రకం కాదు. వేర్లకి అంటుకున్న నాచు (మట్టికి బదులు కుండీలో నింపేది) అంతా మెల్లగా విదిలించి వేర్లని ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. గట్టిగా, తెల్లగానో పచ్చగానో ఉన్నది బతికున్న వేరు. గోధుమ రంగుకి తిరిగి, నొక్కితే నీరు కారేది కుళ్లిన వేరు. అనుమానంగా ఉంటే కొస పట్టుకుని లాగండి. కుళ్లినదైతే పైతొక్క తొడుగులా జారి వచ్చేస్తుంది, లోపల దారం లాంటి నార ఒక్కటే మిగులుతుంది. మీ మొక్కకి సగానికి పైగా ఇలాంటివే ఉంటాయని నా అంచనా. ఇక ఆకులకి నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి? చుట్టూ నీళ్లున్నా తాగే నోరు పోయింది. ఆకులు వాడాయని మనం ఇంకా పోస్తాం, మిగిలిన వేర్లు కూడా పోతాయి.

ఎందుకు కుళ్లాయంటే, ఈ మొక్క నేలలో పుట్టింది కాదు. అడవిలో చెట్టు బెరడుని పట్టుకుని, వేర్లని గాలిలోకి వదిలి బతుకుతుంది. వాన పడితే కాసేపు తడుస్తుంది, గాలికి మళ్లీ ఆరిపోతుంది. ఆ కాసేపట్లోనే నీళ్లు పట్టుకోవడానికి వేరు చుట్టూ వెలమెన్ అనే పొర ఉంటుంది. అది చచ్చిన కణాలతో ఏర్పడిన స్పాంజి లాంటిది. పొడిగా ఉన్నప్పుడు అందులో గాలి నిండి వేరు వెండి రంగులో కనిపిస్తుంది. నీళ్లు తగిలిన కొద్ది క్షణాలకే పొర పారదర్శకంగా మారి, లోపలి పచ్చదనం బయటపడుతుంది. ఒకసారి బతికున్న వేరు మీద రెండు చుక్కలు వేసి చూడండి, చుక్క పాకిన మేరకు పచ్చ రంగు పాకుతుంది. నేను ఇప్పటికీ ఆగి చూస్తాను ఆ దృశ్యం. ఆ స్పాంజి రోజంతా తడిగా ఉంటే లోపలి వేరుకి గాలి ఆడదు. ఊపిరాడక చచ్చిన చోట బూజు, బ్యాక్టీరియా చేరతాయి.

అందుకే నీళ్లు రెండు రోజులకా, నాలుగు రోజులకా అని అడిగితే ఒక లెక్క చెప్పలేను. పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీ వాడండి, గోడలోంచి వేర్లు కనిపిస్తాయి. పచ్చగా ఉంటే ముట్టుకోవద్దు. అన్నీ వెండి రంగుకి తిరిగాక పోయండి. మా ఇంట్లో ఫలనాప్సిస్‌కి మే నెలలో మూడు రోజులకోసారి పోస్తే, ఆగస్టు ముసురులో పది రోజులు కూడా పోయను.

ఇప్పుడు మీ మొక్క సంగతి. కత్తెరని స్పిరిట్‌తో తుడిచి, కుళ్లిన వేర్లని గట్టి భాగం వచ్చేదాకా కత్తిరించేయండి. కోసిన కొసలకి మాత్రమే దాల్చినచెక్క పొడి అద్దండి. మంచి వేర్ల మీద చల్లితే అవి ఎండిపోతాయి. ఒక రోజు నీడలో ఆరనిచ్చి, మర్నాడు కొత్త కుండీలో పెట్టండి. నాకు మొదటి మొక్క అమ్మినాయన ఎర్రమట్టిలో పెట్టుకోమన్నాడు, ఆ మాట మాత్రం ఎవరు చెప్పినా వినకండి. నేను వాడేది కట్టెబొగ్గు, పెంకు ముక్కలు, కొంచెం కొబ్బరి డొక్క. మూడూ బొటనవేలి గోరంత ముక్కలు చేస్తాను. డొక్కని రెండు మూడు రోజులు నానబెట్టి, ఎర్రనీళ్లు పారబోస్తూ కడిగాకే వాడాలి, దానిలో ఉప్పు ఉంటుంది. పైగా అది ఏడాదిన్నర, రెండేళ్లకి మెత్తబడిపోతుంది, అప్పుడు మార్చక తప్పదు. ఇంకొక విషయం, కొన్న మొక్కకి వేర్ల మధ్యలో గట్టిగా కుక్కిన నాచు ముద్ద ఒకటి దాగి ఉంటుంది చూడండి. పైన ఎండినట్టు కనిపించినా అది లోపల తడిగానే ఉంటుంది. నా అనుభవంలో కుళ్లు మొదలయ్యేది అక్కడే.

వేర్లు రెండో మూడో మిగిలితే చాలు. ఒక్కటీ మిగలకపోతే, పిండేసిన తడి నాచు కాస్త అడుగున వేసిన కవర్లో మొక్కని నాచుకి తగలకుండా నిలబెట్టి, మూతి వదులుగా కట్టి, నీడలో ఉంచండి. రోజూ ఒకసారి విప్పి గాలి తగలనివ్వాలి. ఇలా చేసిన మూడింటిలో నాకు రెండు బతికాయి.

వెలుతురు గురించి ఆకునే అడగాలి. ముదురాకుపచ్చగా నిగనిగలాడుతుంటే బాగుందనుకుంటాం, కానీ అది వెలుతురు చాలని ఆకు. లేత ఆకుపచ్చగా ఉంటే సరిగ్గా అందుతోందని. ఆకు మీద తెల్లగానో నల్లగానో మచ్చ కాలినట్టు పడితే ఎండ ఎక్కువైంది. తూర్పు కిటికీలో తొమ్మిదింటి వరకు వచ్చే ఎండ ఫలనాప్సిస్‌కి చాలు. ఏప్రిల్, మే నెలల్లో మా బాల్కనీకి 50 శాతం షేడ్‌నెట్ కడతాను.

నీళ్లు పొద్దున్నే పోయండి. ఆకుల నడిమధ్య మొవ్వులో నీళ్లు నిలిస్తే టిష్యూతో అద్దేయండి, రాత్రంతా ఉంటే మొవ్వు కుళ్లుతుంది. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, వేర్ల కొసలు నల్లబడేవి. అందుకని వానాకాలంలో డ్రమ్ములో వాననీళ్లు పట్టుకుంటాను, అవి అయిపోతే ఫిల్టర్ నీళ్లు. ఎరువుగా ఎరువుల కొట్లో దొరికే 19:19:19 సరిపోతుంది, లీటరుకి అర గ్రాము, వారానికోసారి, అది కూడా వేర్లు తడిసి ఉన్నప్పుడే. ఇప్పుడు మీ మొక్కకి అది కూడా వద్దు, కొత్త వేరు వచ్చేదాకా ఆగండి. పిండినల్లి కనిపిస్తే దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచేస్తే పోతుంది.

మళ్లీ పూయాలంటే ఏం చేయాలని కూడా అడిగారు. ఫలనాప్సిస్‌కి రాత్రి చలి తగలాలి. 15 నుంచి 18 డిగ్రీల రాత్రులు మూడు నాలుగు వారాలు తగిలితే పూల కాడ వేస్తుంది. హైదరాబాద్‌లో నవంబరు, డిసెంబరుల్లో ఆ చలి దానంతట అదే వస్తుంది, కిటికీ తెరిచి ఉంచితే చాలు. ఆకు మొదట్లోంచి వచ్చేది వేరో కాడో తెలియకపోతే కొస చూడండి. వేరు కొస గుండ్రంగా, నున్నగా ఉంటుంది. కాడ కొస చదునుగా, ఒక పక్క చిన్న నొక్కుతో ఉంటుంది. కాడ కనిపించాక కుండీని అటూ ఇటూ తిప్పకండి. పూలకి రెండు మూడు నెలలు పడుతుంది.

రెండో మొక్క కొనాలనుకుంటే డెండ్రోబియం తీసుకోండి. మన వేడిని బాగా తట్టుకుంటుంది, కోస్తాలో ఉన్నవాళ్లకైతే అదీ, వాండా రెండూ చాలా సులువు. డెండ్రోబియం పాత కాండాలు ఆకులు రాల్చి బోడిగా ఉన్నాయని కోసేయకండి, దాని నీళ్లూ తిండీ వాటిలోనే ఉంటాయి. వాటి నుంచి మళ్లీ పూసినవి కూడా మా ఇంట్లో ఉన్నాయి. వాండాకి కుండీయే అక్కర్లేదు, బుట్టలో వేలాడదీయొచ్చు. ఎండాకాలంలో రోజుకి రెండుసార్లు తడపగలిగితేనే పెట్టుకోండి.

వాండా అంటే నాకు మా అమ్మమ్మగారి ఊరు గుర్తొస్తుంది, పెద్దాపురం దగ్గర. పెరట్లో ముసలి మామిడి కొమ్మ మీద సన్నటి, దళసరి ఆకుల మొక్క ఉండేది. ఎండాకాలంలో గోధుమ గళ్ల పూలు పూసి, పొద్దున్నే మంచి వాసన వేసేది. అందరూ బదనిక అనేవారు, చెట్టు రసం పీల్చేస్తుందని మా మావయ్య ఒకసారి కొడవలితో చెక్కబోతే అమ్మమ్మ ఆపింది. అది వాండా టెసెల్లాటా అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అక్కడికి దగ్గర్లోని సామర్లకోటలో ఉండి మన తీరపు మొక్కలకి బొమ్మలు వేయించిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1795లో దీన్ని వర్ణించాడు. వాండా అన్న పేరు కూడా సంస్కృతంలో బదనికని అనే ‘వందా’ నుంచి వచ్చిందే. నిజమైన బదనిక చెట్టులోకి వేరు దించి రసం పీలుస్తుంది. వాండా మాత్రం ఆ కొమ్మ మీద కూర్చుంటుంది, అంతే. దాని తిండి వాననీళ్లలోంచి, కొమ్మ మీద చేరిన చెత్తలోంచి వస్తుంది. మీకు ఊళ్లో ఎక్కడైనా అలాంటిది కనిపిస్తే దయచేసి నరకనివ్వకండి.

అడవి నుంచి తెచ్చామని అమ్మే ఆర్కిడ్లు కూడా కొనకండి. వీటి విత్తనం ధూళి లాంటిది, లోపల తిండి నిల్వ ఉండదు. అడవిలో ఒక రకం బూజు తోడైతేనే మొలుస్తుంది. మొలిచాక పూతకి రావడానికి ఏళ్లు పడుతుంది. అలాంటి మొక్కని ఒక్కసారి పీకేస్తే ఆ కొమ్మ మీద మళ్లీ ఎప్పటికో. ఇంటికి తెచ్చినవి చాలావరకు ఏడాది తిరక్కుండానే చచ్చిపోవడం నేను చూశాను. నర్సరీల్లో ల్యాబ్‌లో పెంచిన మొక్కలు కావలసినన్ని ఉన్నాయి.

మీ మొక్క ఆకుల ముడతలు వెంటనే పోవు, కింది ఆకు ఒకటి పసుపెక్కి రాలిపోవచ్చు కూడా. దానికి భయపడి మళ్లీ నీళ్లు పోయకండి. చూడాల్సింది ఆకుల మొదట్లో. నెల, నెలన్నరలో అక్కడ తొక్కని చీల్చుకుని, పెసరగింజంత పచ్చటి కొస బయటికి వస్తుంది. అది కొత్త వేరు. అది రెండు అంగుళాలు సాగాక ఎరువు మొదలుపెట్టండి.