దేవుడి నడిపింపు సరే, కూతురి సంతకం సంగతేమిటి?

తెనాలి దగ్గరి ఊరి నుంచి ఒక రిటైర్డ్ టీచరుగారు రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. నాలుగు పేజీల్లో ముఖ్యమైన ముక్క ఇదీ:

"62 నిండి మొన్న ఆగస్టులో రిటైరయ్యాను. మా వారు ప్రభువునందు నిద్రించి నాలుగేళ్లయింది. హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయి, ఊళ్లో ఇల్లు అమ్మేసి ఆ డబ్బుకు నా గ్రాట్యుటీ కలిపితే మియాపూర్‌లో త్రిబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ వస్తుంది, నువ్వూ మాతోనే ఉండు అంటున్నాడు. ఈ జనవరి ఒకటిన చర్చిలో నేను తీసిన వాగ్దానం కార్డులో, అబ్రామును తండ్రి ఇల్లు విడిచి బయలుదేరమన్న వచనం వచ్చింది. 'చూశావా అమ్మా, దేవుడే చెప్పాడు' అంటాడు అబ్బాయి. నాకేమో మనసులో సమాధానం లేదు. మా పాస్టరు అయ్యగారు ప్రార్థనలో పెట్టమన్నారు. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇది దేవుడి నడిపింపేనా? ఎలా తెలుసుకోవాలి?"

టీచరుగారూ,

మీరడిగినదానికి జవాబు చిన్నది, ముందే చెప్పేస్తాను. ఆ కార్డు మిమ్మల్ని ఇల్లు అమ్మమనలేదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలో పెట్టే కార్డులు కట్టలుగా అచ్చు వేసినవి. మీకొచ్చిన వచనమే మీ సంఘంలో ఇంకో నలుగురికి వచ్చి ఉంటుంది. వాళ్లంతా ఇళ్లు బేరానికి పెట్టారా? మీ వాగ్దానాన్ని తక్కువ చేయడం లేదు. అది బైబిల్లో పెట్టుకుని ఏడాదంతా ధైర్యం తెచ్చుకోవడానికి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూపించడానికి కాదు.

మా నాయనమ్మ ఏ పని తలపెట్టినా ఎర్రపువ్వు ఒక ఆకులో, తెల్లపువ్వు ఒక ఆకులో పొట్లం కట్టి, దేవుడి ముందు వేసి, నాచేత ఒకటి తీయించేది. తెల్లది వస్తే సరే. ఎర్రది వచ్చిందా, "దీని చేతులు శుభ్రంగా లేవు, కడుక్కొచ్చి మళ్లీ తియ్యవే" అనేది. ఏం చేయాలో ఆవిడకు ముందే తెలుసు. మీకూ తెలుసనే నాకనిపిస్తోంది. లేకపోతే అంత చక్కటి కార్డు చేతికొచ్చాక కూడా నిద్ర ఎందుకు పట్టదు?

మీ ఉత్తరం మూడో పేజీ అడుగున అయిదారు వాక్యాలున్నాయి. "మా అమ్మాయి ఆరేళ్ల క్రితం మాకు ఇష్టం లేని పెళ్లి చేసుకుంది. ఇదే ఊళ్లో ఉంది. రాకపోకలు లేవు. ఒక బాబు అని విన్నాను. రిజిస్ట్రేషన్‌కు ఆమె సంతకం కూడా కావాలని డాక్యుమెంట్ రైటర్ అన్నాడు. నువ్వు వెళ్లి అడిగితే కాదనదులే అమ్మా అంటున్నాడు అబ్బాయి." అంతే. మళ్లీ గ్రాట్యుటీ లెక్కల్లోకి వెళ్లిపోయారు.

హైదరాబాద్ మనవరాలి ముద్దుమాటలూ అలకలూ ముప్పావు పేజీ రాశారు. ఇదే ఊళ్లో పెరుగుతున్న మనవడి గురించి "అని విన్నాను". నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

ఇంకోటి. మీ వారి భూస్థాపన రోజు అమ్మాయి వచ్చి "గేటు దగ్గరే నిలబడి వెళ్లిపోయింది, లోపలికి రాలేదు" అని నింద వేసినట్టు రాశారు. రమ్మని ఎవరైనా పిలిచారా? అది మాత్రం రాయలేదు. కన్నతండ్రి మట్టిలో కలుస్తుంటే గేటు బయట నిలబడ్డ ఆడపిల్ల తప్పెంతో, లోపల ఉన్న పెద్దవాళ్ల తప్పెంతో ముప్పై ఏళ్లకు పైగా పిల్లల మధ్య ఉన్న మీకు నేను చెప్పాలా?

ఇప్పుడు ఆరేళ్ల తర్వాత మొదటిసారి ఆ పిల్ల గుమ్మం తొక్కబోతున్నారు. ఎందుకూ? సంతకం కోసం.

ఆ సంతకం ఏమిటో కూడా సరిగ్గా చూడండి. ఇల్లు మీ వారు కట్టింది, ఆయన పేరునే ఉంది, విల్లు లేదు, అత్తగారు ముందే పోయారు అని మీరే రాశారు. క్రైస్తవ కుటుంబానికి వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు, మిగిలింది పిల్లలకు సమానంగా. మన వైపు సర్టిఫికెట్‌లో హిందూ అని ఉండి చర్చికి వెళ్లే కుటుంబాలూ ఉన్నాయి. మీదీ అలాంటిదే అయి, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం చూసినా మీ ముగ్గురి లెక్క మారదు, తలా మూడో వంతే. ఇష్టం లేని పెళ్లి చేసుకుందని వాటా కొట్టేసే సెక్షన్ రెండింట్లోనూ లేదు. ఇల్లు అమ్మిన డబ్బంతా కొడుకు ఫ్లాట్‌లోకి పోవాలంటే ఆ పిల్ల తన వాటా వదులుకోవాలి. మీ అబ్బాయి భాషలో అది "ఒక్క సంతకం". అతను చెడ్డవాడని నేననను. ఈఎంఐలు కట్టుకునే ఇంట్లో ఎవరికైనా ముందు ఆ లెక్కే కనిపిస్తుంది. కానీ దానికి దేవుడి పేరు తగిలించడం నాకు మింగుడుపడలేదు.

నేను మిషన్ స్కూల్లో పదో తరగతి దాకా చదివాను, స్క్రిప్చర్ పీరియడ్‌లో మార్కులు కూడా బాగానే వచ్చేవి. ఆ చనువుతో చెబుతున్నాను. మీ కార్డు ఆదికాండం 12వ అధ్యాయంలోది. ఒక్క పేజీ తిప్పండి. 13లో మేత నేల చాలక అబ్రాము కాపరులకూ లోతు కాపరులకూ గొడవ వస్తుంది. పెద్దవాడు అబ్రాము, పిలుపు అందుకున్నవాడూ అబ్రామే. అయినా సోదరుడి కొడుకైన ఆ లోతుతో, ముందు నువ్వు కోరుకో, నువ్వు ఎడమకు వెళితే నేను కుడికి వెళతానంటాడు. పోట్లాట మాత్రం వద్దంటాడు. మీ అబ్బాయి 12 దగ్గరే ఆగిపోయాడు. సంఖ్యాకాండం 27లో సెలోపెహాదు కూతుళ్లు అయిదుగురు తండ్రి వాటా అడిగితే, వాళ్లన్నది న్యాయమేనని మోషేకు చెప్పింది సాక్షాత్తూ దేవుడు. వాళ్లకు అన్నదమ్ములు లేరు కదా అంటాడేమో మీవాడు. అననివ్వండి, మన చట్టానికి ఆ తేడా లేదు.

అయ్యగారు ప్రార్థనలో పెట్టమన్నారన్నారు. పెట్టండి. ఈ నాలుగేళ్లలో మీ ప్రార్థనలో అమ్మాయి పేరు ఎన్నిసార్లు వచ్చిందో అది కూడా ఒకసారి చూసుకోండి.

వెళ్లాలి. ఫైలు తీసుకెళ్లకండి. అబ్బాయిని తీసుకెళ్లకండి. అయ్యగారిని మధ్యవర్తిగా అసలే వద్దు, అది పంచాయితీ అయిపోతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక, క్రిస్మస్‌కు మీరు చేసే గులాబీ పువ్వులో అరిసెలో ఒక డబ్బాలో పెట్టుకుని ఆటో ఎక్కండి. తలుపు తీయకపోతే డబ్బా గుమ్మం దగ్గర పెట్టి వచ్చేయండి, మరో ఆదివారం మళ్లీ వెళ్లండి. తీస్తే, "నాన్న పోయిన రోజు నిన్ను లోపలికి పిలవలేదమ్మా" అని మీరే ముందు అనండి. పెద్దదాన్ని నేనెందుకు తగ్గాలి అనుకుంటారేమో. పెద్దవారు కాబట్టే మీరు తగ్గాలి. పెళ్లి సంగతి తవ్వకండి. అల్లుడు చర్చికి వస్తాడా రాడా అన్నది మీ పని కాదు. ఆస్తి మాట ఆమె ఎత్తినా, దాని కోసం రాలేదని చెప్పి ఆపేయండి.

ఇంటి సంగతి ఆ తర్వాత ముగ్గురూ కూర్చుని తేల్చుకోవచ్చు. అమ్మాయి వాటా కావాలంటే ఇవ్వాల్సిందే. వద్దంటే అది ఆమె ఇష్టం, మీరు కోరి వదిలించుకున్నది కాకూడదు. గ్రాట్యుటీ ఫ్లాట్‌లో పెడితే దస్తావేజులో మీ పేరు ఉండాలి, ఇందులో కొడుకు దగ్గర మొహమాటం అక్కర్లేదు. అమ్మకానికి ముందు ఇంటికి తాళం వేసి ఒక మూడు నెలలు మియాపూర్‌లో ఉండి చూడండి. (నాలుగు పేజీల్లో కోడలి గురించి ఒక్క ముక్క లేదు. దానికి వేరే ఉత్తరం కావాలనుకుంటా.)

కొనేవాళ్లు అడ్వాన్సు ఇస్తామని తొందరపెడుతున్నారని రాశారు. తీసుకోకండి. మళ్లీ రాసేటప్పుడు ఇంటి రేటు నాకక్కర్లేదు, మనవడి పేరేమిటో రాయండి.